నాడీ శాస్త్రం, వైద్యం, దేశ భద్రత: విధాన పరిశోధన

మెదడు, వెన్నుపాము, నరాలు ఎలా పనిచేస్తాయో వివరించేది నాడీ శాస్త్రం. ఈ శాస్త్రం నుంచి వచ్చిన మందులు, పరికరాలు, పరీక్షలు మొదట రోగి కోసం పుట్టినా, సైన్యాలు, గూఢచారి సంస్థలు, పోలీసు శాఖలు వాటిని ఎప్పుడూ ఆసక్తిగానే గమనిస్తూ వచ్చాయి. వీటిలో దేన్ని అనుమతించాలి, దేన్ని నిషేధించాలి, ప్రజాధనం దేనికి వెచ్చించాలి, ప్రయోగాల్లో దెబ్బతిన్నవారి బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు ఆధారాలతో జవాబు వెతికే అధ్యయనాన్ని ఈ రంగంలో విధాన పరిశోధన అంటారు. వైద్యులు, నాడీ శాస్త్రవేత్తలు, న్యాయ నిపుణులు, నీతిశాస్త్ర పండితులు, రక్షణ విశ్లేషకులు ఇందులో కలిసి పనిచేస్తారు. గత డెబ్బై ఏళ్ల అనుభవం ఇక్కడ ఒక పాఠం నేర్పింది. భద్రత పేరుతో మనిషి సమ్మతిని పక్కన పెట్టిన చోట రోగి నష్టపోయాడు, శాస్త్రం కలుషితమైంది, ఆశించిన భద్రత కూడా దక్కలేదు.

పరిధి

ఈ రంగంలోని అంశాలను స్థూలంగా నాలుగుగా చెప్పుకోవచ్చు. మొదటిది, విధి నిర్వహణలో మెదడుకు, మనసుకు దెబ్బతగిలిన సైనికుల చికిత్స. రెండోది, నాడీ వ్యవస్థను దెబ్బతీసే రసాయనాల నుంచి ప్రజలను కాపాడటం, అలాంటి ఆయుధాలను నియంత్రించడం. మూడోది, ఆరోగ్యవంతుల మెలకువను, ఏకాగ్రతను, శక్తిని మందులతోనో యంత్రాలతోనో పెంచే ప్రయత్నం. నాలుగోది, మెదడు సంకేతాలను చదివి నిజాన్నీ ఉద్దేశాన్నీ తెలుసుకోవాలన్న ప్రయత్నం.

ఈ నాలుగింటికీ మూలం ఒకటే చిక్కు: ద్వంద్వ వినియోగం. పక్షవాతం వచ్చినవారి చేతికి కదలిక తెచ్చే పరికరమే విమానాన్ని నడిపే ప్రయోగానికీ పనికొస్తుంది. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా చేసే మందే గాలిలో కలిపితే ప్రాణాంతకం కావచ్చు. పదార్థమూ పరికరమూ మారవు. వాడే చేయి, వాడే చోటు, ఎదుటి మనిషి ఒప్పుకోలు మారతాయి. విధాన పరిశోధన దృష్టి పెట్టేది ఈ మూడింటి మీదే.

చారిత్రక నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ వైద్యులు ఖైదీలపై చేసిన ప్రయోగాల విచారణ ముగింపులో, 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వెలువడింది. మనిషిపై ప్రయోగానికి అతడి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నది అందులోని మొట్టమొదటి సూత్రం. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తులు అమెరికన్లే. అయినా ఆరేళ్లు తిరగకుండానే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఆ సూత్రాన్ని ఉల్లంఘించింది.

1953 ఏప్రిల్‌లో సీఐఏ అధిపతి అలెన్ డల్లెస్ ‘ఎంకే అల్ట్రా’ అనే రహస్య కార్యక్రమానికి అనుమతినిచ్చారు. రసాయన శాస్త్రవేత్త సిడ్నీ గాట్లీబ్ దానికి సారథి. మత్తుమందులతో, మానసిక ఒత్తిడితో మనిషి మనసును లొంగదీసుకోవచ్చా అన్నది అసలు ప్రశ్న. ఎల్‌ఎస్‌డీ వంటి మందులను కొందరికి తెలియకుండానే ఇచ్చారు. అలా ఇచ్చిన కొద్ది రోజులకే, 1953 నవంబరులో, సైనిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓల్సన్ న్యూయార్క్‌లో హోటల్ కిటికీలోంచి పడి మరణించారు. 1973లో సీఐఏ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ ఆదేశంతో ఈ కార్యక్రమపు దస్త్రాల్లో చాలా భాగాన్ని నాశనం చేశారు. 1975లో సెనేట్‌లోని చర్చ్ కమిటీ విచారణతో విషయం లోకానికి తెలిసింది.

ఈ చరిత్రలో వైద్యరంగాన్ని అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసేది కెనడాలోని మాంట్రియల్ ఉదంతం. అక్కడి అలన్ మెమోరియల్ సంస్థలో మానసిక వైద్యుడు ఇవెన్ కామెరాన్ చేసిన ప్రయోగాలకు సీఐఏ డబ్బు పరోక్షంగా అందింది. దిగులు, ఆందోళన వంటి బాధలతో చికిత్స కోసం వచ్చినవారిని రోజుల తరబడి మందులతో నిద్రలో ఉంచారు, తీవ్రమైన విద్యుత్ షాకులిచ్చారు, ఒకే మాటను టేపులో పదేపదే వినిపించారు. కొందరు తమ గత జ్ఞాపకాలనే పోగొట్టుకున్నారు. 1988లో తొమ్మిది మంది కెనడా బాధితులకు అమెరికా ప్రభుత్వం 7,50,000 డాలర్ల పరిహారం చెల్లించి కేసును పరిష్కరించుకుంది. వైద్యుడి మీద నమ్మకంతో గడప తొక్కిన రోగిని ప్రయోగ వస్తువుగా మార్చిన ఈ ఉదంతం లేకుండా నాడీ భద్రతా విధానంపై ఏ చర్చా పూర్తి కాదు.

తర్వాతి దశాబ్దాల్లో 1964 హెల్సింకి ప్రకటన, 1979 బెల్మాంట్ నివేదిక పరిశోధనల్లో మనుషుల రక్షణకు పునాదులు వేశాయి.

సంస్థలు, నివేదికలు

నాడీ శాస్త్రాన్ని భద్రతా కోణంలో ప్రత్యేక విధానాంశంగా చూడటం 2000 తర్వాతే ఊపందుకుంది. అమెరికా నీతిశాస్త్ర చరిత్రకారుడు జొనాథన్ మొరెనో 2006లో ప్రచురించిన ‘మైండ్ వార్స్’ పుస్తకం ఈ విషయాన్ని విస్తృతంగా చర్చకు పెట్టింది. 2008లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి, అభివృద్ధి చెందుతున్న నాడీ సాంకేతికతలపై గూఢచారి వర్గాల కోసం ఒక నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది సైన్యం అవసరాలపై ఇంకొకటి వెలువరించింది. వాషింగ్టన్ సమీపంలోని ఆర్లింగ్టన్‌లో ఉన్న పొటోమాక్ విధాన అధ్యయన సంస్థ నాడీ సాంకేతికతకే ఒక ప్రత్యేక కేంద్రాన్ని నడిపింది. రాండ్ సంస్థ 2020లో మెదడు–కంప్యూటర్ అనుసంధానాల సైనిక వినియోగంపై అధ్యయనం ప్రచురించింది.

బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 2012లో నాడీ శాస్త్రం, సంఘర్షణ, భద్రత అన్న అంశంపై నివేదిక విడుదల చేసింది. తమ పరిశోధన ఆయుధంగా మారే అవకాశం ఉందన్న అవగాహన నాడీ శాస్త్ర విద్యార్థులకు చదువు తొలిదశలోనే కలగాలని అది సూచించింది. 2013లో నఫీల్డ్ జీవనీతి మండలి, 2014–15లో అమెరికా అధ్యక్షుడి జీవనీతి సంఘం ఈ చర్చను కొనసాగించాయి. ఐరోపా ‘హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు’ 2018లో ద్వంద్వ వినియోగంపై తన అభిప్రాయాన్ని ప్రకటించింది.

నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసినా ఈ రంగం స్వభావం అర్థమవుతుంది. 2013 ఏప్రిల్ 2న అధ్యక్షుడు ఒబామా ‘బ్రెయిన్’ కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు, తొలి ఏడాదికి ప్రతిపాదించిన సుమారు 11 కోట్ల డాలర్లలో 5 కోట్లు రక్షణ శాఖ పరిశోధనా సంస్థ డార్పా వాటా. అంటే వైద్య పరిశోధనా సంస్థలకన్నా రక్షణ సంస్థదే పెద్ద చేయి. దీనివల్ల చికిత్సలు త్వరగా అందుబాటులోకి రావచ్చు. పరిశోధన దిశను నిర్ణయించే అధికారం మాత్రం రోగి అవసరాల నుంచి కొంత దూరం జరుగుతుంది.

సైనికుల మెదడు గాయాలు

1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ అన్న మాటతో రాసిన వ్యాసం ఈ విషయంలో తొలి మైలురాళ్లలో ఒకటి. ఫిరంగి గుండ్ల మధ్య బతికి బయటపడ్డ సైనికుల్లో పైకి గాయం కనిపించకపోయినా వణుకు, మాట పడిపోవడం, మతిమరుపు కనిపించేవి. అది పిరికితనమా, మెదడు దెబ్బా, మనసు గాయమా అన్న వాదన అప్పుడే మొదలైంది. వియత్నాం యుద్ధం తర్వాత, 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో పీటీఎస్‌డీని చేర్చింది. భయానక అనుభవం తర్వాత మనసును వదలని బాధకు అలా ఒక వైద్య నామం దొరికింది. పేరు దొరకడంతో చికిత్సకూ పింఛనుకూ హక్కు ఏర్పడింది.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలపై 2008లో రాండ్ సంస్థ చేసిన అధ్యయనం విధాన పరిశోధన శక్తిని చూపిన మంచి ఉదాహరణ. అప్పటికి ఆ యుద్ధాలకు వెళ్లిన 16.4 లక్షల మందిలో సుమారు 3 లక్షల మందికి పీటీఎస్‌డీ లేదా తీవ్ర కుంగుబాటు, సుమారు 3.2 లక్షల మందికి మెదడు గాయం అయి ఉండవచ్చని అది అంచనా వేసింది. మానసిక బాధ ఉన్నవారిలో సగానికి కాస్త ఎక్కువ మంది మాత్రమే అంతకుముందు ఏడాదిలో సహాయం కోరారు. విషయం పైఅధికారులకు తెలిస్తే ఉద్యోగం దెబ్బతింటుందన్న భయం మిగిలినవారిని ఆపిన కారణాల్లో ఒకటి. గోప్యత లేని చోట చికిత్సా కేంద్రాలు ఎన్ని తెరిచినా లోపలికి రావడానికి జనం జంకుతారని ఈ అధ్యయనం తేల్చి చెప్పింది.

శత్రువు దాడి వల్లే కాకుండా, సొంత ఆయుధాలను పదేపదే పేల్చే శిక్షణ వల్ల కూడా మెదడు దెబ్బతినవచ్చన్న ఆందోళన ఇటీవల పెరిగింది. భారీ ఆయుధాలు పేలినప్పుడు పుట్టే పీడన తరంగాల ప్రభావాన్ని తగ్గించేందుకు అమెరికా రక్షణ శాఖ 2024 ఆగస్టులో మార్గదర్శకాలు జారీ చేసింది.

నాడీ విషాలు: పొలం నుంచి యుద్ధరంగం దాకా

నరం నుంచి కండరానికి ఆజ్ఞను చేరవేసే రసాయనం ఎసిటైల్‌కోలిన్. పని పూర్తవగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫరస్ విషాలు ఈ ఎంజైమ్‌ను కట్టిపడేస్తాయి. దాంతో ఆజ్ఞ ఆగకుండా వెళ్తూనే ఉంటుంది. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంతగా ముడుచుకున్న కంటిపాప, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు, చివరికి శ్వాస కండరాల వైఫల్యం దాని ఫలితాలు.

1936లో జర్మనీలోని ఐజీ ఫార్బెన్ సంస్థలో గెర్‌హార్డ్ ష్రాడర్ కొత్త పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్‌ను కనిపెట్టాడు. 1938లో సారిన్ వచ్చింది. అలా పంటను కాపాడబోయిన రసాయన శాస్త్రం యుద్ధ విషాలకు జన్మనిచ్చింది. అదే సూత్రాన్ని వైద్యమూ అందిపుచ్చుకుంది. అల్జీమర్స్ రోగులకు ఇచ్చే డోనెపెజిల్, కండరాల బలహీనత తెచ్చే మయస్థీనియా గ్రేవిస్‌కు ఇచ్చే పిరిడోస్టిగ్మిన్ కూడా ఆ ఎంజైమ్‌నే, కానీ మెల్లగా, తగిన మోతాదులో, తిరిగి వదిలేలా అడ్డుకుంటాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో నాడీ వాయువు దాడి జరగవచ్చన్న భయంతో అమెరికా సైనికులకు పిరిడోస్టిగ్మిన్ మాత్రలను ముందుజాగ్రత్తగా ఇచ్చారు.

1995 మార్చి 20న టోక్యో మెట్రోలో ఓమ్ షిన్రిక్యో అనే మత సంస్థ సారిన్ వదలడంతో 14 మంది మరణించారు, వేల మంది ఆసుపత్రులకు పరుగులు తీశారు. సెయింట్ లూక్స్ అనే ఒక్క ఆసుపత్రికే మొదటి రోజు 640 మంది వచ్చారు. విరుగుడుగా వైద్యులు వాడింది అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ మందులనే.

ఈ మందుల పేర్లు తెలుగు నేలపై పనిచేసే ప్రభుత్వ వైద్యులకు కొత్తవేమీ కావు. పత్తి, మిరప పండించే ప్రాంతాల్లో పురుగుమందు విషంతో వచ్చే రోగులకు వాడేవి అవే. 1997–2002 మధ్య వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో పురుగుమందు విషంతో 8,040 మంది చేరినట్లు, వారిలో 22 శాతానికి పైగా మరణించినట్లు ఒక వైద్య అధ్యయనం నమోదు చేసింది. ఆ కన్నీటి లెక్కలో ఒక విధాన సత్యం దాగి ఉంది. నాడీ విషం తిన్నవారిని రాత్రింబవళ్లు కాపాడే నైపుణ్యం, అట్రోపిన్ మోతాదును నిమిషనిమిషానికి సరిచూసే నర్సుల అనుభవం, వెంటిలేటర్ దగ్గరి కాపలా ఏ రక్షణ ప్రయోగశాలలోనూ అంతగా పోగుపడలేదు, మన జిల్లా ఆసుపత్రుల్లో పోగుపడింది. అది దేశ భద్రతకు కూడా అక్కరకొచ్చే సంపద.

మాస్కో థియేటర్: చికిత్సను మరిచిన వ్యూహం

2002 అక్టోబరు 23న చెచెన్ సాయుధులు మాస్కోలోని దుబ్రోవ్‌కా థియేటర్‌లో ఎనిమిది వందల మందికి పైగా ప్రేక్షకులను బందీలుగా పట్టుకున్నారు. 26వ తేదీ తెల్లవారుజామున రష్యా బలగాలు గాలి గొట్టాల ద్వారా మత్తు వాయువును పంపి లోపలికి చొరబడ్డాయి. సుమారు 130 మంది బందీలు చనిపోయారు. అత్యధికుల ప్రాణం తీసింది ఆ వాయువు, ఆలస్యమైన చికిత్స. బతికి బయటపడ్డ బ్రిటన్ పౌరుల నమూనాలను బ్రిటన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, అందులో కార్‌ఫెంటానిల్, రెమిఫెంటానిల్ ఉన్నాయని 2012లో ప్రచురించారు. రెండూ ఫెంటానిల్ జాతి మందులే. రెమిఫెంటానిల్‌ను ఆపరేషన్ థియేటర్లలో రోజూ వాడతారు.

బయట సిద్ధంగా ఉన్న వైద్యులకు ఏ మందు వాడారో చెప్పలేదు. స్పృహ తప్పినవారిని పక్కకు ఒరిగించి పడుకోబెట్టకపోవడంతో నాలుక వెనక్కి పడి ఊపిరాడనివారు ఉన్నారు. 2011లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం, వాయువు వాడాలన్న నిర్ణయాన్ని తప్పుపట్టకపోయినా, సహాయక చర్యలు, వైద్య ఏర్పాట్లు సరిగా లేవని రష్యాను దోషిగా నిలబెట్టింది. భద్రతా నిర్ణయం తీసుకునే గదిలో వైద్యుడికి కుర్చీ లేకపోతే ఏమవుతుందో ఈ ఘటన చెబుతుంది.

1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందంలో శాంతిభద్రతల పరిరక్షణకు కొన్ని రసాయనాలు వాడుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. కేంద్ర నాడీ వ్యవస్థపై పనిచేసే మందులను గాలిలో చల్లడం ఆ వెసులుబాటు కిందకు రాదని ఒప్పంద సభ్యదేశాల సమావేశం 2021 డిసెంబరులో తీర్మానించింది. ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలూ విధాన పరిశోధకులూ చేసిన హెచ్చరికలకు అది ఫలితం.

మెలకువ మాత్రలు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యం, వైమానిక దళం 1940లో కొద్ది నెలల్లోనే సుమారు 3.5 కోట్ల మెథాంఫెటమిన్ మాత్రలు అందుకున్నాయి. బ్రిటన్, అమెరికా సేనలు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు వాడాయి. నిద్ర ఆపుకొని పోరాడేందుకు ఇచ్చిన ఆ మాత్రలు వ్యసనాన్నీ వెంట తెచ్చాయి.

2002 ఏప్రిల్‌లో అఫ్గానిస్తాన్‌లోని తర్నాక్ ఫార్మ్ వద్ద అమెరికా పైలట్లు పొరపాటున బాంబు వేయడంతో నలుగురు కెనడా సైనికులు మరణించారు. పైలట్లకు ఇచ్చిన మెలకువ మందు డెక్స్ట్రోఆంఫెటమిన్ వారి నిర్ణయంపై ప్రభావం చూపిందని వారి తరఫు న్యాయవాదులు వాదించారు. పైఅధికారి ‘తీసుకో’ అన్నప్పుడు కిందివాడి ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలేనా అన్న ప్రశ్న దీంతో ముందుకొచ్చింది. ఎక్కువ గంటలు మెలకువగా ఉంచే మాత్రల కన్నా సరైన విశ్రాంతి ఇచ్చే డ్యూటీ పట్టికే మేలైన భద్రత అని నిద్రపై పరిశోధన చేసినవారు చెబుతూ వస్తున్నారు.

మెదడు–కంప్యూటర్ అనుసంధానం

1924లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. 2004లో అమెరికాలో మెడ కింద చచ్చుబడిన ఒక వ్యక్తి మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్ల సాయంతో తెరపై కర్సర్‌ను కదిలించగలిగాడు. డార్పా 2006లో మొదలుపెట్టిన కృత్రిమ చేతుల కార్యక్రమం నుంచి వచ్చిన ‘ల్యూక్’ చేతికి 2014 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. యుద్ధంలో చేయి పోగొట్టుకున్నవారికి అది వరం. శస్త్రచికిత్స అవసరం లేకుండా ఆరోగ్యవంతులైన సైనికులను యంత్రాలతో అనుసంధానించే లక్ష్యంతో అదే సంస్థ 2018లో మరో కార్యక్రమాన్ని చేపట్టింది. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి మనిషి మెదడులో తన పరికరాన్ని అమర్చింది.

విధానకర్తలు ఇక్కడ ఎదుర్కొనే కష్టమైన ప్రశ్న పరికరం అమర్చిన రోజున రాదు, దాని వెనకున్న సంస్థ తప్పుకున్న రోజున వస్తుంది. చూపు పోయినవారి కంట్లో అమర్చిన ‘ఆర్గస్-2’ పరికరాన్ని ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా వాడారు. దాన్ని తయారుచేసిన సంస్థ 2019లో ఉత్పత్తిని ఆపేయడంతో, చెడిపోతే బాగుచేసే దిక్కులేక వారు చీకట్లో చిక్కుకున్నారు. మెదడులో అమర్చే ప్రతి పరికరానికీ జీవితకాల సంరక్షణ ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చాలన్న డిమాండుకు ఈ అనుభవం బలమిచ్చింది.

మెదడులో నిజాన్ని వెతకడం

అబద్ధాన్ని పట్టే యంత్రం భద్రతా సంస్థలకు పాత కల. 2003లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి పాలీగ్రాఫ్‌ను సమీక్షించి, ఉద్యోగుల భద్రతా తనిఖీకి దానిపై ఆధారపడటం సమర్థనీయం కాదని తేల్చింది. ఎంఆర్‌ఐ, ఈఈజీ ఆధారిత పద్ధతులకూ అదే పరిమితి. ప్రయోగశాలలో విద్యార్థి ఆడే చిన్న అబద్ధం, ప్రాణభయంతో ఉన్న నిందితుడి మౌనం ఒకటి కావు.

విచారణ పేరుతో హింసించడం మీద కూడా నాడీ శాస్త్రం తన తీర్పు చెప్పింది. నిద్ర లేకపోవడం, తీవ్ర భయం, నొప్పి జ్ఞాపకశక్తిని కాపాడే మెదడు భాగాలనే దెబ్బతీస్తాయి కాబట్టి, వాటితో రాబట్టిన మాట నమ్మదగింది కాదని ఐర్లండ్ నాడీ శాస్త్రవేత్త షేన్ ఒమారా 2015లో విపులంగా వివరించారు. అదే ఏడాది అమెరికా మనస్తత్వ సంఘం, జాతీయ భద్రతా విచారణల్లో మనస్తత్వవేత్తలు పాల్గొనడాన్ని నిషేధించింది.

ఈ విషయంలో భారతదేశానిది ప్రపంచం గమనించిన అనుభవం. సోడియం పెంటోథాల్ ఎక్కించి మాట్లాడించే నార్కో పరీక్షలు, మెదడు తరంగాలతో అనుభవాన్ని గుర్తించే బ్రెయిన్ మ్యాపింగ్ 2000 తర్వాత విరివిగా జరిగాయి. 2008లో ఒక మహారాష్ట్ర కోర్టు తీర్పులో బ్రెయిన్ మ్యాపింగ్ ఫలితానికి కూడా చోటు దక్కడం అంతర్జాతీయంగా చర్చనీయమైంది. అదే ఏడాది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ సంచాలకుడి నాయకత్వంలోని నిపుణుల సంఘం ఆ పద్ధతికి శాస్త్రీయత చాలదని పేర్కొంది.

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పునిచ్చింది. వ్యక్తి ఒప్పుకోకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణలకు విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, న్యాయమూర్తులు ఆర్.వి. రవీంద్రన్, జె.ఎం. పంచాల్ ధర్మాసనం ప్రకటించింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితాలను నేరుగా సాక్ష్యంగా స్వీకరించరాదంది. మనిషి మెదడు లోపలి గదికి రాజ్యాంగం కట్టిన గోడ అది. నార్కో పరీక్షలో మత్తు ఎక్కించే చేయి వైద్యుడిదే కాబట్టి, ఈ తీర్పు వైద్యవృత్తి గౌరవాన్ని కూడా కాపాడింది.

హవానా వ్యాధి లక్షణాలు

2016 చివర్లో క్యూబా రాజధాని హవానాలోని అమెరికా దౌత్య సిబ్బంది కొందరు వింత శబ్దాలు, తల తిరగడం, చెవిలో నొప్పి, మతిమరుపు వంటి బాధలు చెప్పుకున్నారు. తర్వాత పలు దేశాల నుంచి వెయ్యికి పైగా ఫిర్యాదులు అందాయి. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు 21 మందిని పరీక్షించిన వివరాలు ప్రచురించారు. 2020 డిసెంబరులో అమెరికా జాతీయ అకాడమీల సంఘం, తొలి బాధితుల లక్షణాలకు రేడియో తరంగాల స్పందనలు అత్యంత సంభావ్య కారణమంది. 2023 మార్చిలో అమెరికా గూఢచారి సంస్థలు మాత్రం విదేశీ శత్రువు పాత్ర ఉండే అవకాశం చాలా తక్కువని తేల్చాయి. 2025 జనవరి నాటికి వాటిలో రెండు తమ అభిప్రాయాన్ని కొంత సడలించాయి. 2024 మార్చిలో జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్, బాధితుల ఎంఆర్‌ఐ చిత్రాల్లో మెదడు గాయం ఆనవాళ్లు కనిపించలేదని ప్రచురించింది.

ఆ తర్వాత జరిగింది మరింత ఆలోచింపజేస్తుంది. కొందరు బాధితులు తమ ఇష్టంతో కాక ఒత్తిడి వల్ల ఆ అధ్యయనంలో చేరారని అంతర్గత సమీక్షలో తేలడంతో, ఎన్‌ఐహెచ్ 2024లో దాన్ని నిలిపేసింది. ఆ ఒత్తిడి తమ పరిశోధకుల నుంచి వచ్చింది కాదని ప్రకటించింది. కారణం ఏదైనా బాధ నిజమని గుర్తించి, బాధితులకు పరిహారమిచ్చే చట్టాన్ని అమెరికా 2021 అక్టోబరులోనే చేసింది. శత్రువు ఎవరో తేలేదాకా రోగిని వేచి ఉండమనడం తగదన్న సూత్రం అందులో ఉంది.

నాడీ హక్కులు, చట్టాలు

2017లో రఫాయెల్ యుస్తే సహా కొందరు శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో మానసిక గోప్యత, వ్యక్తిత్వం, సామర్థ్య పెంపు, పక్షపాతం అన్న నాలుగు అంశాలపై రక్షణలు కోరారు. 2019 డిసెంబరులో ఆర్థిక సహకార దేశాల సంస్థ ఓఈసీడీ బాధ్యతాయుత నాడీ సాంకేతికతపై సిఫార్సు చేసింది. 2021లో చిలీ మెదడు కార్యకలాపాలకూ, వాటి సమాచారానికీ రాజ్యాంగ రక్షణ కల్పించింది. 2023 ఆగస్టులో ఆ దేశ సుప్రీంకోర్టు, తలకు తగిలించుకునే పరికరం సేకరించిన ఒక మాజీ సెనేటర్ మెదడు సమాచారాన్ని చెరిపేయాలని ఆదేశించింది. 2024లో అమెరికాలోని కొలరాడో, కాలిఫోర్నియా రాష్ట్రాలు నాడీ సమాచారాన్ని గోప్యతా చట్టాల పరిధిలోకి తెచ్చాయి. 2025 నవంబరులో యునెస్కో నాడీ సాంకేతికత నైతికతపై తొలి ప్రపంచ స్థాయి సిఫార్సును ఆమోదించింది.

ఈ రక్షణలు ఎక్కువగా వాణిజ్య సంస్థలను కట్టడి చేస్తాయి. రక్షణ, గూఢచారి అవసరాలకు మినహాయింపులు మామూలే. మరోవైపు దేశాల మధ్య పోటీ పెరుగుతోంది. 2021 డిసెంబరులో అమెరికా, చైనా సైనిక వైద్య విజ్ఞాన అకాడమీనీ దాని అనుబంధ సంస్థలనూ ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది. పోటీ ముదిరితే శాస్త్రవేత్తల మధ్య రాకపోకలు తగ్గి, చికిత్సలు ఆలస్యమవుతాయన్నది వైద్యవర్గాల ఆందోళన.

భారతదేశంలో పరిస్థితి

బెంగళూరులోని నిమ్హాన్స్, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం వైద్య, మౌలిక పరిశోధన చేస్తాయి. డీఆర్‌డీవో పరిధిలో ఢిల్లీలోని డీపాస్ సైనికుల శరీరధర్మంపై, డీఐపీఆర్ వారి మనస్తత్వంపై, గ్వాలియర్‌లోని డీఆర్‌డీఈ రసాయన, జీవ ప్రమాదాల నుంచి రక్షణపై పనిచేస్తాయి. మన దేశం తాను ప్రకటించిన రసాయన ఆయుధ నిల్వలను 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా గుర్తించి, రోగి గోప్యతకు రక్షణ కల్పించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగు సహా పలు భాషల్లో మానసిక ఆరోగ్య సలహా ఇస్తోంది.

2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మాత్రం మెదడు సమాచారానికి ప్రత్యేక స్థానం లేదు. దేశ భద్రత కోసం కొన్ని ప్రభుత్వ సంస్థలను చట్టం పరిధి నుంచి మినహాయించే వీలు కూడా ఉంది. సెల్వి తీర్పు నిందితుడికి ఇచ్చిన రక్షణ, ఉద్యోగి తలపై పెట్టే పరికరానికీ, సైనికుడి శిక్షణలో వాడే హెల్మెట్‌కూ వర్తించేలా చట్టంగా విస్తరించాల్సి ఉంది.

ముగింపు

మాంట్రియల్, మాస్కో, హవానా, వరంగల్ వేర్వేరు కథలైనా వాటిలో కీలకం ఒకటే: మంచం మీదున్న మనిషి వైద్యుడిని నమ్మగలడా లేదా అన్నది. ఆ నమ్మకం ఉన్నచోట సైనికుడు తన బాధ దాచుకోడు, బాధితుడు నిజం చెబుతాడు, శాస్త్రానికి స్వచ్ఛమైన సమాచారం అందుతుంది. అందుకే ఈ రంగంలోని మంచి విధానాలన్నీ మూడు పనులు కోరుతున్నాయి. పైఅధికారి ఒత్తిడి చేరలేని సమ్మతి, సైనిక అవసరం ముగిసినా ఆగని చికిత్స, భద్రతా నిర్ణయాల్లో వైద్యుడి గొంతుకు చోటు. వీటికి తోడు అట్రోపిన్ నిల్వ తగ్గని, వెంటిలేటర్ చెడిపోని, అనుభవమున్న నర్సు రాత్రి డ్యూటీలో ఉన్న జిల్లా ఆసుపత్రి ఉండాలి. పురుగుమందు తాగిన రైతును ఈ రోజు బతికించే ఆ వార్డే, నాడీ విషం ఏ రూపంలో వచ్చినా రేపు ఆ జిల్లాను కాపాడుతుంది.